ఈజిప్టు గైడెడ్ టూరు: వెంట ఎవరిని తీసుకపోవాలె?

ప్రశ్న: రిటైర్డ్ సోషల్ టీచర్, వేములవాడ

అందరికీ నమస్తే. నాకు 61 ఏండ్లు. ముప్పయి ఒక్క ఏండ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన. ‘ఈజిప్టు నైలు నది వరప్రసాదం’ అని ఏటా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పిల్లలతో అయిదుసార్లు అనిపించేదాన్ని. నేను చూసిన ఈజిప్టు మాత్రం హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్న ఆ ఒక్క మమ్మీయే. పిల్లల్ని తీసుకపోయినప్పుడల్లా ఎవడో ఒకడు "టీచర్, రాత్రి లేస్తదా?" అని అడిగేటోడు.

ఇప్పుడు గ్రాట్యుటీ డబ్బులున్నయి, మోకాళ్ళు ఇంకా పూర్తిగా మొరాయించలేదు. ఈ జనవరిలో పోదామని. రెండు దారులు కనబడ్డయి. ఒకటి, హైదరాబాదు నుంచి 42 మంది బస్సు గుంపు, తొమ్మిది రోజులు, వంటమనిషి వెంటే వస్తడు. రెండోది, ఇద్దరే మనుషులు, ఒక గైడు, ఒక కారు, పదకొండు రోజులు. అందులో ఒక రాత్రి తెల్ల ఎడారిలో గుడారం. నాకు రెండోదే ఇష్టం. కానీ దానికి తోడు కావాలె.

మా సార్‌ను అడిగితే "ఎండకాలం వేములవాడే ఎడారి, దానికి పైసలెందుకు" అన్నడు. మిగిలింది ఇద్దరు. ఒకరు నా దోస్తు, మా బడిలోనే తెలుగు టీచరు. అన్నీ చదివింది, నాకంటే ఎక్కువ తెలుసు. రెండో మనిషి మా ఆడబిడ్డ. 57 ఏండ్లు, ఏడో తరగతితో ఆగిపోయింది, వ్యవసాయం. తిరుపతి, షిర్డీ తప్ప ఏమీ చూడలే. ఈ సంగతి ఇంట్లో మాట్లాడుతుంటే చాయ్ గ్లాసులు తీసుకపోతూ "వదినా, నన్ను తీసుకపోతవా?" అన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. కాదనలేను. కానీ చరిత్ర తెల్వని మనిషికి ఆ రాళ్ళల్లో ఏం కనబడుతది? పదకొండు రోజులు నేను పాఠం చెప్పుకుంటూ తిరగాలెనా?

పోయొచ్చినవాళ్ళు చెప్పండి. మోకాళ్ళ సంగతి, తిండి సంగతి (మాంసం తినను) కూడా.

జవాబు 1: జెడ్డాలో జగిత్యాల పోరడు

టీచర్ గారు, నేను జెడ్డాల ఏసీ మెకానిక్‌ను. మా రూమ్మేటుతోని కలిసి నాలుగు రోజులు కైరో పోయొచ్చిన. జనవరి మంచిది. ఎండకాలం మాత్రం పోకుండ్రి, లక్సర్‌ల నలభై డిగ్రీలు దాటుతది.

గిజాల ఒంటె ఎక్కుడు చవకనే, దిగుడే కష్టం. ఎక్కేటప్పుడు చెప్పిన ధర, దిగేటప్పుడు చెప్పే ధర ఒకటి కాదు. ఫొటో తీస్త అని ఎవడన్న మీ ఫోన్ చేతులకు తీసుకుంటే వానికీ బక్షీసు ఇయ్యాలె. అవును, వాళ్ళు గూడ బక్షీసు అనే అంటరు. చిల్లర నోట్లు దండిగ పెట్టుకోండ్రి, బాత్రూంల కాగితం ఇచ్చేటోనికి సుత ఇయ్యాలె.

ఎడారిల రాత్రి పండుడు మాత్రం నాకు అర్థం కాలే. నాకు రోజు కిటికీలకెళ్ళి కనబడేదే ఎడారి. దానికి ఎదురు పైసలిచ్చి ఇసుకల పండుడేంది?

జవాబు 2: ఎంవీపీ కాలనీ, విశాఖ

గుంపు టూరును మరీ తీసిపారేయకండి. మా అమ్మకు 70. మేము 38 మందితో వెళ్ళాం. పొద్దున్నే పులిహోర, మధ్యాహ్నం సాంబారు, అమ్మకు ప్రతి ఎయిర్‌పోర్టులో వీల్‌ఛైరు. ఒక్కరోజు కూడా అమ్మ ఆకలితో పడుకోలేదు. తోటివాళ్ళలో నలుగురు ఆమె వయసువాళ్ళే, బస్సులో అష్టోత్తరాలు చదువుకుంటూ కూర్చున్నారు. నాకు పూచీ తగ్గింది.

లోటు ఏంటంటే టైము. లక్సర్ దగ్గర రాజుల లోయలో, అదే వ్యాలీ ఆఫ్ ది కింగ్స్‌లో మాకు గంటన్నరే ఇచ్చారు. మామూలు టిక్కెట్టు మీద మూడు సమాధులు చూడొచ్చు. మేం రెండు చూసేసరికి విజిల్ వేశారు. టుటన్‌ఖామున్ సమాధికి వేరే టిక్కెట్టు, దానికి మాలో ఎవరికీ టైము చాలలేదు. అదే రోజు పేపిరస్ కాగితాల కొట్లో గంట, అత్తరు కొట్లో గంట, పాలరాయి బొమ్మల కొట్లో ముప్పావుగంట! కొట్లవాళ్ళిచ్చే కమిషన్ కోసమేనని అందరికీ తెలుసు. ఏ టూరుకైనా డబ్బు కట్టేముందు "కొట్లు ఎన్ని?" అని అడగండి.

మోకాళ్ళకు ఒక్క మాట. పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్ళకండి. పైకెక్కే దారి ఎత్తు నాలుగడుగులే. నడుం వంచి, ఏటవాలుగా దాదాపు నలభై మీటర్లు వెళ్ళాలి. పైన ఖాళీ గది, మూతలేని రాతి పెట్టె, అంతే. గోడల మీద ఒక్క బొమ్మ ఉండదు. బొమ్మలు కావాలంటే లక్సర్ సమాధులే.

జవాబు 3: కాలవగట్టు, కర్నూలు

టీచరమ్మ గారూ, మీ ఆడబిడ్డ చాయ్ గ్లాసులు తీసుకెళుతూ అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిక ఉంటే చదవండి.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుని. మీరు చెప్పిన రెండో రకం టూరుకే పోయిన జనవరిలో వెళ్ళాను. మొదట నేనూ నా స్నేహితుడూ అనుకున్నాం. డబ్బు కట్టే వారం ముందు వాడు తప్పుకున్నాడు. ఇంట్లో ఆ గొడవ నడుస్తుంటే అరుగు మీద కూర్చున్న మా మేనమామ "ఆ దేశంలో గుడిని కోసి పైకి ఎత్తినారంట గదరా. అది చూపిస్తానంటే నేనొస్తా" అన్నాడు.

మామకు 67. అయిదో తరగతి. శనగ, మిరప వేస్తాడు. మా అత్త పోయి రెండేళ్ళు. ఆయనన్నది అబూ సింబెల్ గుడి గురించి. ఆ సంగతి ఆయనకు ఎలా తెలుసని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మామ ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. వందకు పైగా ఊళ్ళు పోయాయి, అందులో ఇదొకటి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని విప్పి ఆలంపురానికి తరలించేటప్పుడు ఈయన చూడ్డానికి వెళ్ళాడట. రాళ్ళకు నంబర్లు రాస్తుంటే ఎందుకని అడిగాడట. అక్కడున్న ఒక ఇంజనీరు, ఈజిప్టులో ఇంతకంటే పెద్ద గుడిని ఇలాగే కదిలించారని చెప్పాడట. ఆ ఒక్క మాటను నలభై ఏళ్ళకు పైగా పెట్టుకుని తిరిగాడు. మాకెవరికీ చెప్పలేదు.

మీకు వచ్చిన భయమే నాకూ వచ్చింది. నేను రెండు నెలలు కూర్చుని రాజుల పేర్లు, వంశాలు నోటు పుస్తకంలో రాసుకున్నా. ఈయనకేం తెలుసు, విసుగొచ్చి హోటల్లో పడుకుంటాడేమో అనుకున్నా.

గిజా మొదటి రోజు. ఖుఫూ పిరమిడ్ ముందు నిలబడి గైడు మొదలుపెట్టాడు: 23 లక్షల రాళ్ళు, అప్పట్లో 146 మీటర్ల ఎత్తు, క్రీస్తుకు ముందు ఇరవై ఆరో శతాబ్దం... నేను తల ఊపుతున్నా. మామ అయిదు నిమిషాలు చూసి "ఈ రాళ్ళు మోసినోళ్ళు యాడ పండుకున్నారో అడుగు" అన్నాడు.

నేను సిగ్గుపడుతూనే అడిగా. గైడు ముఖం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో యాత్రికులు గ్రహాంతరవాసుల గురించి అడుగుతారు గానీ ఇది అడగరన్నాడు. దక్షిణం వైపు గుట్టను చూపించి చెప్పాడు. 1990లో ఒక గుర్రం కాలు మట్టి ఇటుకల గోడకు తగిలి తూలిందట, అలా ఆ పనివాళ్ళ శ్మశానం బయటపడిందట. ఆ దిగువనే వాళ్ళ ఊరు. రొట్టెలు కాల్చిన బట్టీలు దొరికాయి. గొడ్లవి, మేకలవి, గొర్రెలవి ఎముకలు కుప్పలుగా దొరికాయి. మనుషుల ఎముకల్లో విరిగి మళ్ళీ అతుక్కున్నవి ఉన్నాయి, అంటే కట్టు కట్టేవాళ్ళు ఉన్నట్టే. బానిసలు కట్టారన్న కథ నిలబడదని ఆయన వాదన. మామ అంతా విని "కూలోళ్ళకు మాంసం పెట్టినాడంటే మంచి మేస్త్రీనే" అని తీర్పు ఇచ్చాడు. నా నోటు పుస్తకంలో ఈ సంగతి ఒక్క లైను కూడా లేదు.

అప్పటినుంచి గైడు నన్ను వదిలేసి మామతో నడవడం మొదలెట్టాడు. మామకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. కానీ మూడో రోజుకల్లా ఇద్దరికీ ఒక ఆట దొరికింది. కుర్చీని అరబ్బీలో కుర్సీ అంటారు. సబ్బుని సాబూన్. కలాన్ని కలమ్. పని అయిపోతే ఖలాస్! మామకు ఈ చివరి మాట తెగ నచ్చింది. ప్రతి గుడి బయటకొచ్చి "ఖలాస్" అనేవాడు.

లక్సర్‌లో కార్నాక్ గుడి. పెద్ద మండపంలో 134 స్తంభాలు. (మీ హనుమకొండలో పేరుకే వెయ్యి, ఇక్కడ లెక్కకు తక్కువైనా ఒక్కో స్తంభం చుట్టూ మా వీధి మొత్తం చేతులు పట్టుకుని నిలబడాలి.) అక్కడ నేను మైమరచిపోయా, మామ నీడలో కూర్చున్నాడు. ఆయనకు పట్టింది దేర్ ఎల్ మెదీనా. రాజుల సమాధులు తొలిచి బొమ్మలు గీసిన పనివాళ్ళ ఊరు అది. ఇళ్ళ పునాదులు వరసగా, ఇరుకుగా, అచ్చం మన రైలు క్వార్టర్ల లాగా ఉంటాయి. మూడో రామ్‌సెస్ కాలంలో, ఆయన ఏలుబడి 29వ ఏట, జీతం కింద రావలసిన గింజలు రాకపోతే ఈ ఊరివాళ్ళు పని మానేసి వెళ్ళి గుళ్ళ దగ్గర బైఠాయించారు. రాతలో దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదే అంటారు. ఆ సంగతి రాసిన పేపిరస్ ఇప్పుడు ఇటలీలో టురిన్‌లో ఉంది. "గింజలు ఇచ్చినారా లేదా?" అన్నాడు మామ. ఇచ్చారని చెప్పేదాకా కదల్లేదు.

అస్వాన్‌లో మాకు గొడవైంది. అది కూడా చెప్పాలి, లేకపోతే తోడు గురించి సగమే చెప్పినట్టు. ఆయన నాలుగింటికి లేచి స్నానం చేసి, లైటు వేసి, నన్ను లేపేవాడు. రాత్రి గురక. ప్రతి బాత్రూంవాడికీ, ప్రతి పడవవాడికీ నన్ను అడక్కుండా బక్షీసు. ఆరో రోజు నేను గట్టిగా అన్నాను. ఆయన మాట్లాడటం మానేశాడు. ఆ మరునాడే నైలు మీది హై డ్యామ్.

నాకు అది ఉద్యోగపు మొక్కు లాంటిది. 111 మీటర్ల ఎత్తు, మూడు కిలోమీటర్లు దాటిన పొడవు, 1960లో మొదలై 1970లో పూర్తయింది. మన సాగర్ లాగా రాతి కట్టడం కాదు, రాళ్ళూ ఇసుకా బంకమట్టీ పోసి కట్టిన గట్టు. వెనక నాసర్ సరస్సు అయిదు వందల కిలోమీటర్ల దాకా సూడాన్‌లోకి పోతుంది. నేను ఫొటోలు తీస్తూనే ఉన్నా. మామ కారు దిగలేదు. తలుపు తీసి రమ్మంటే "మీ డిపార్టుమెంటోళ్ళు చూసుకోండి" అన్నాడు. గొడవ ఇంకా పోలేదనుకున్నా. నా బుర్రకు అంతే తట్టింది.

ఆ సాయంత్రం మేముండే చోట ఎర్రటి చల్లని షర్బత్ ఇచ్చారు, కర్కదే అంటారు. మామ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఆ ఎండిన ఎర్ర రేకులు చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసి "ఒరే, ఇది గోంగూర పూతరా! కాయ మీది ఎర్ర తొడుగు. మనం ఆకు తిని దీన్ని పారేస్తాం, వీళ్ళు ఆకు వదిలేసి దీన్ని తాగుతాండారు" అన్నాడు. నిజమే, ఎర్ర గోంగూరే అది. అక్కడితో మా మాటలు మళ్ళీ కలిశాయి.

అబూ సింబెల్‌కి అస్వాన్ నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. మొదటిసారి మామ నాలుగింటికి లేపినందుకు సంతోషించా. దారంతా ఎడారి. సూర్యుడు ఇసుకలోంచి లేచాడు. పొద్దెక్కాక దూరంగా నీళ్ళున్నట్టు ఎండమావి. మామ "చెరువు" అన్నాడు, మరో పది నిమిషాలకు "కాదు" అన్నాడు.

గుడి ముందు నలుగురు రెండో రామ్‌సెస్‌లు కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరు 20 మీటర్లు. ఒకడి తలా ఛాతీ ఎప్పుడో భూకంపానికి విరిగి పాదాల దగ్గర పడ్డాయి. గుడిని కదిలించినప్పుడు ఆ ముక్కలనూ తెచ్చి పడినవి పడినట్టే పెట్టారు. 1964 నుంచి 1968 దాకా కొండను వెయ్యికి పైగా ముక్కలు చేసి, 65 మీటర్లు పైకి, రెండు వందల మీటర్లు వెనక్కి తెచ్చి పేర్చారు. వెనక కొండలా కనిపించేది నిజానికి కాంక్రీటు గుమ్మటం మీద పరిచిన రాయి. ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న పొద్దుటి ఎండ గర్భగుడి దాకా పోయి మూడు విగ్రహాల మీద పడుతుంది. నాలుగోవాడు ప్టా, పాతాళంతో ముడిపడిన దేవుడు, ఆయన మీద పడదు.

మామ గోడ దగ్గరికి పోయి రెండు రాళ్ళ మధ్య అతుకు వెతికాడు. దొరికింది. వేలు పెట్టలేదు, పెట్టకూడదని గైడు చెప్పాడు. దూరం నుంచే వేలితో గాలిలో ఆ గీత వెంబడి పోయాడు. "మాది కూడా ఇట్లనే అతికినారు. మనోళ్ళ అతుకు ఇంకా సన్నం" అన్నాడు.

అబూ సింబెల్‌లో మాకు వేరే గైడు. నూబియన్, అంటే అస్వాన్‌కు దక్షిణాన నైలు ఒడ్డున బతికిన జనం మనిషి. వాళ్ళ తాతగారి ఊరు ఈ సరస్సు అడుగునే ఉందని, 1963–64లో యాభై వేల మంది నూబియన్లను అస్వాన్‌కు ఉత్తరాన కోమ్ ఓంబో వైపు తరలించారని మామూలుగా చెప్పుకుపోతున్నాడు. రోజూ చెప్పేదే కదా. నేను మామకు తెలుగులో చెప్పా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎకరాకు ఎంత ఇచ్చినారంట?"

గైడు ఆగిపోయాడు. తర్వాత ఇద్దరూ నీళ్ళవైపు తిరిగి గట్టు మీద కూర్చున్నారు. మధ్యలో నేను. అరగంట. ఖర్జూరం చెట్లకు లెక్క కట్టి ఇచ్చారా? ఇచ్చారు, తక్కువ. కొత్త ఊరు ఎట్లాంటిది? కాంక్రీటు గదులు వరసగా, నది కనబడదు. ఊరి పేరు? పాత పేరే పెట్టుకున్నాం. "మేమూ అంతే" అన్నాడు మామ. గోరీలు? గైడు తల అడ్డంగా ఊపాడు. గోరీలు నీళ్ళలోనే. మామ వాళ్ళ నాయన సమాధి కూడా నీళ్ళలోనే. ఆ మాట నేను అనువాదం చేయలేదు. మామ చెయ్యి కిందికి చూపించాడు, ఆయనకు అర్థమైంది.

నేను పుట్టింది మామ వాళ్ళు కొత్త ఊరికి వచ్చాక. శ్రీశైలం నీటిమట్టం 885 అడుగులని నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతా. ఆ 885 కింద ఏముందో ఆ రోజే మొదటిసారి విన్నా, అదీ ఇంగ్లీషులో ఇంకొకరికి చెప్పడానికి.

కాబట్టి మీ ఆడబిడ్డను తీసుకెళ్ళండి. మీ స్నేహితురాలైతే మీకు తెలిసినవే మళ్ళీ చెబుతారు. ఒకటే షరతు, అడగనిదే పాఠం చెప్పకండి. పొలం చేసే మనిషి. సమాధి గోడల మీద దున్నేవాళ్ళు, కోసేవాళ్ళు, ధాన్యం కొలిచేవాళ్ళు, కూలోడిని కొట్టే మేస్త్రీలు ఉంటారు. వాళ్ళ దగ్గర ఆమెను వదిలేయండి.

తిండికి భయపడకండి. కొషరీ అని అన్నం, పప్పు, సెనగలు, మాకరోనీ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు. చూస్తే వింతగా ఉంటుంది, తింటే రెండోసారి అడుగుతారు. పొద్దున ఫూల్ అని చిక్కుడు గింజల ముద్ద, రొట్టె. మేం తీసుకెళ్ళిన నువ్వుల పొడి, ఊరమిరపకాయలు సగం గైడే తిన్నాడు. గదులు మాత్రం రెండు మూడు రాత్రులైనా వేరువేరుగా తీసుకోండి. వదిన ఆడబిడ్డల మధ్య ఆ ఖర్చు దండగ కాదు.

రిటైర్డ్ సోషల్ టీచర్, వేములవాడ

కాలవగట్టు గారూ, ఇది మా ఆడబిడ్డకు చదివి వినిపించిన. గోంగూర దగ్గర నవ్వింది, గోరీల దగ్గర లేచి పెరట్లోకి పోయింది. ఇగ ఆమెనే తీసుకపోత, ఖాయం. పాస్‌పోర్టుకు రేపే పోతున్నం.

ఎడారి రాత్రి గురించి మీరు రాయలే. నిజంగ పండుకోవచ్చా ఇద్దరు ఆడోళ్ళు? బాత్రూం, చలి?

కాలవగట్టు, కర్నూలు

మా టూరులో ఎడారి చివర్న వచ్చింది. కైరో నుంచి బహరియా ఒయాసిస్సు 370 కిలోమీటర్లు, అక్కడ జీపు మారాలి. ముందు నల్ల ఎడారి, పాత అగ్నిపర్వతపు రాళ్ళు పరుచుకున్న గుట్టలు. తర్వాత స్ఫటికాల గుట్ట అని ఒకటి. అది దాటాక తెల్ల ఎడారి. గాలి కోసిన సుద్ద దిబ్బలు, పుట్టగొడుగుల్లా, కోళ్ళలా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు సముద్రం అడుగు. కింద చూసి నడిస్తే రాళ్ళలో గవ్వల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఏమీ ఏరుకోవద్దు, నేషనల్ పార్కు. అక్కడ రాత్రి ఉండాలంటే అనుమతులు ముందే తీయాలి. తీశామన్న కాగితం చూపిస్తేనే డబ్బు కట్టండి.

బాత్రూం లేదు. దిబ్బే బాత్రూం. చీకటి పడకముందే మీ దిబ్బ ఏదో చూసి పెట్టుకోండి, టార్చి చేతిలో ఉండాలి. చలి మాత్రం చెప్పినదానికన్నా ఎక్కువ. జనవరి రాత్రి మంచు పడేటంత. వాళ్ళ దుప్పట్లు మందంగానే ఉంటాయి గానీ మంకీ క్యాపు, ఉన్ని సాక్సులు మీవి మీరు తీసుకెళ్ళండి. ఇద్దరు ఆడవాళ్ళే అయితే ఇంకో జంటో కుటుంబమో ఉన్న రోజు చూసి కలపమని అడగండి. మా పక్కన నాగపూర్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఉన్నారు, నిశ్చింతగా పడుకున్నారు.

జగిత్యాల తమ్ముడు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. చేసేదేమీ ఉండదు అక్కడ. మామ భోజనం కాగానే పడుకున్నాడు, నక్షత్రాలు చూడమంటే "మా పొలంలో కూడా ఇవే ఉంటాయి" అన్నాడు. రాత్రి ఏదో చప్పుడైతే లేచా. పెద్ద చెవుల చిన్న నక్క ఒకటి మిగిలిన రొట్టె కోసం వచ్చింది. మామ లేచే ఉన్నాడు, పడుకునే దాన్ని చూస్తున్నాడు. కదలొద్దని నాకు చేత్తో సైగ చేశాడు. ఇద్దరం చాలాసేపు అలా పడుకుని చూశాం. అది పోయాక "ఖలాస్" అని అటు తిరిగి పడుకున్నాడు.

కైరోలో ఒక రోజు ఎక్కువ ఉంచుకోండి. పిరమిడ్ల పక్క కొత్త మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరిచారు. టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన అయిదు వేల పైచిలుకు వస్తువులు ఇప్పుడు అక్కడే. మీరు పాఠంలో చెప్పిన రాజుల మమ్మీలు మాత్రం అక్కడ ఉండవు. అవి కైరోలోనే ఫుస్తాత్ అనే చోట ఉన్న మరో మ్యూజియానికి 2021లో ఊరేగింపుగా వెళ్ళాయి. చాలామంది అది తెలీక తిరిగి వచ్చేస్తారు. అబూ సింబెల్‌లో చూసిన రామ్‌సెస్ అసలు ముఖం ఉన్నది ఫుస్తాత్‌లోనే.

రిటైర్డ్ సోషల్ టీచర్, వేములవాడ

మంకీ క్యాపులు రాసుకున్న. ఆడబిడ్డ ఒక మాట అడగమన్నది: "ఆ మామ ఊరు ఇప్పుడు ఎప్పుడన్న కనబడుతదా?"

కాలవగట్టు, కర్నూలు

కనబడుతుంది. మీ ప్రశ్న మామకు చెప్పా, ఆయన జవాబు ఇది. ఎండాకాలం కృష్ణ దిగితే ముందు సంగమేశ్వరం గుడి శిఖరం తేలుతుంది. అది కూడవెల్లి గుడి కాదు, ఇది ఎవరూ తరలించనిది, నీళ్ళలోనే వదిలేసింది. తర్వాత గోడలు, తర్వాత లోపలికి పోయి పూజ చేసుకునేంత. మామ వాళ్ళ ఇల్లు ఇంకా దిగువన. ఎండలు బాగా ముదిరి, నీళ్ళు బాగా తగ్గిన ఏడు మాత్రమే గడప రాయి, గాదె పునాది కనిపిస్తాయి. ఆ ఏళ్ళలో కొబ్బరికాయ తీసుకుని వెళతాడు.

ఈజిప్టు పోయొచ్చాక ఏప్రిల్‌లో రమ్మన్నాడు మీ ఇద్దరినీ. కర్నూలులో పొద్దున అయిదింటికల్లా బయల్దేరాలట, ఎండ ముదరకముందే. చివర కొంత బురదలో నడక ఉంటుంది, చెప్పులు చేత్తో పట్టుకోవాలి. టీచరమ్మ మోకాళ్ళు ఒప్పుకోకపోతే గట్టు మీద కూర్చోవచ్చు, గొడుగు తెచ్చుకోమన్నాడు. ఆడబిడ్డను తను తీసుకెళతాడట.